విండోస్ 1.0లో విండోలు ఒకదాని మీద ఒకటి ఎందుకు రావు?

అందరికీ నమస్తే, పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఓ డౌటు తీర్చండి ప్లీజ్. నిన్న ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) విండోస్ 1.01 వేసి చూశా. నోట్‌ప్యాడ్, పెయింట్, గడియారం, రివర్సీ గేమ్ అన్నీ ఉన్నాయి గానీ రెండు ప్రోగ్రామ్‌లు తెరిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కట్లేదు, గోడకి టైల్స్ అతికించినట్టు పక్కపక్కనే సర్దుకుంటున్నాయి. సెట్టింగ్ తప్పేమో అని గంటసేపు తలబాదుకున్నా, తీరా చూస్తే అసలు డిజైనే అంత!

నాకర్థం కానిదేంటంటే, 1983 నవంబర్‌లో ప్రకటించి రెండేళ్ళు సాగదీసి 1985 నవంబర్ 20న రిలీజ్ చేశారు, ఈలోపు 1984 జనవరిలోనే ఆపిల్ వాళ్ళ మాకింటోష్ కంప్యూటర్ వచ్చేసింది, దాంట్లో విండోలు హాయిగా ఒకదాని మీద ఒకటి వస్తాయి. పైగా విండోస్ 1లో కూడా డైలాగ్ బాక్సులు (ఏదైనా అడగడానికి వచ్చే చిన్న పెట్టెలు) మాత్రం మిగతావాటి మీదకి వస్తున్నాయి, అంటే చేతకాక కాదన్నమాట.

మరి ఆపిల్‌తో గొడవెందుకులే అనుకున్నారా (1987 చివర్లో విండోస్ 2.0లో ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టేశారు, 1988లో ఆపిల్ కేసు వేయనే వేసింది), 256 కేబీ మెమరీకి బరువవుతుందనా, లేక జిరాక్స్ పార్క్ (జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం, PARC) నుంచి వచ్చి ఆ టీమ్ నడిపిన స్కాట్ మెక్‌గ్రెగర్‌కి టైల్సే నచ్చాయా? నాకైతే మూడోదే నిజమనిపిస్తోంది.

అప్పట్లో దీని మీద ప్రోగ్రామ్‌లు రాసినవాళ్ళు గానీ, ఆ కేసు కాగితాలు చదివినవాళ్ళు గానీ ఉంటే కాస్త చెప్పండి. అలాగే రెండు ఫ్లాపీల మీదే నడిపినవాళ్ళున్నారా, డిస్కులు మార్చి మార్చి విసుగు రాలేదా?