అప్‌డేట్: హాస్టల్‌లో ఉన్న మా అమ్మాయికి ఉత్తరాలు

రెండు నెలల క్రితం అడిగాను గుర్తుందా? మా ఆయన మొదటి భార్య కూతురు హాస్టల్‌లో చదువుకుంటోంది, వారం వారం ఉత్తరం రాస్తున్నా ఒక్కదానికీ జవాబు లేదు, మానేయాలా అని. మానొద్దు, ప్రశ్నలు మాత్రం తగ్గించమన్నారు చాలామంది.

నా పాత ఉత్తరాలు తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. సరిగ్గా తింటున్నావా, మార్కులెన్ని, ఎందుకు రాయట్లేదు... ఉత్తరమా, పోలీసు విచారణా! అప్పట్నించి ఇంటి సంగతులే రాశాను. తన గదిలో ఫ్యాను మళ్లీ కిర్రుమంటోందని, నాన్న కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికారని. చివర్లో 'అమ్మ' అని సంతకం పెట్టడం కూడా మానేశాను. తను పిలిచేది 'పిన్నీ' అని, అదే రాశాను. ఇది మాత్రం కొంచెం కష్టంగానే అనిపించింది.

మొన్న జవాబొచ్చింది. నోటుబుక్కులోంచి చించిన కాగితం, వెనకవైపు కొట్టేసిన లెక్కలు. నాలుగే లైన్లు. ఫ్యాను బాగు చేయించొద్దట, ఆ చప్పుడు లేకపోతే సెలవులకి వచ్చినప్పుడు నిద్ర పట్టదట. కింద చిన్న అక్షరాలతో, "అమ్మ ఫోటో నా టేబుల్ మీదే ఉందా?"

ఉంది. దుమ్ము తుడిచి అక్కడే పెట్టానని ఆ రాత్రే రాశాను. పాత ఉత్తరాలు చదివిందో లేదో అడగలేదు. ఎలక్ట్రీషియన్‌కి మాత్రం రావొద్దని ఫోన్ చేసేశాను.