మట్టి తడిగానే ఉంది, సొరపాదు ఎందుకు వాడుతోంది?

ప్రశ్న: మేడ మీద గ్రో బ్యాగులో సొరపాదు పెట్టాను. రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తాను. మధ్యాహ్నానికి ఆకులన్నీ మూసిన గొడుగుల్లా వేలాడతాయి. వేలు పెట్టి చూస్తే మట్టి తడిగానే ఉంటుంది. సాయంత్రానికి మళ్లీ నిలబడతాయి. మా ఆయన మధ్యాహ్నం కూడా పోయమంటున్నారు. నాకేమో వేరు కుళ్లుతుందని టెన్షన్.

జవాబు: పోయకండమ్మా. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. వేరు పీల్చిన నీళ్లలో నూటికి 95 వంతులకు పైగా ఆకుల్లోంచే ఆవిరైపోతాయి. బాష్పోత్సేకం అంటే ఇదే. మండుటెండలో వేరు అందించేదానికన్నా పత్రరంధ్రాల్లోంచి పోయేది ఎక్కువ, అందుకే వాడుతుంది. పొద్దున్నే వాడి కనిపిస్తే అప్పుడు కంగారు పడండి. అనుమానముంటే ఒక ఆకుకి పాలిథిన్ కవరు తొడిగి తొడిమ దగ్గర దారం కట్టండి. ఎక్కువసేపు ఉంచకండి, ఎండకి ఆకు ఉడికిపోతుంది.

ఇంకొకరు: వేసవి కదా, షేడ్ నెట్ కట్టేయండి. మా బీర, కాకర దానికిందే బతికాయి.

అడిగినవారు: కవరు కట్టాను మాస్టారూ. లోపల మంచు పట్టినట్టై, బొట్లు జారి అడుగున చేరాయి. మా ఆయన చూసి, "మరి గేటు దగ్గర గన్నేరు వాడదేం?" అంటున్నారు.

జవాబు: మంచి ప్రశ్నే! గన్నేరు ఆకు దళసరి, పైన మైనం పూత. రంధ్రాలేమో అడుగువైపు చిన్న గుంటల్లో, నూగు మధ్య ఉంటాయి. వడగాలి వాటికి నేరుగా తగలదు.