ట్రోలింగ్ మోటార్ ఐదో స్పీడులో నీరసపడుతోంది – బ్యాటరీయా, మోటారా?

గోస్తని గాలం:
అందరికీ నమస్కారం. నాది 14 అడుగుల ఫైబర్ బోటు. వెనక 12 వోల్టుల ట్రోలింగ్ మోటార్ (బ్యాటరీతో నడిచే చిన్న బోటు మోటారు), 55 పౌండ్ల త్రస్ట్ (తోసే బలం), చేతి పిడి, ముందుకు ఐదు స్పీడులు. భీమిలి దగ్గర గోస్తని మొగలో (నది సముద్రంలో కలిసే చోట) గాలం వేటకే వాడతాను. బ్యాటరీ 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్, ఇన్వర్టర్‌కి వాడేదే. బరువు సరిపడాలని దాన్ని ముందు భాగంలో పెట్టి, 6 స్క్వేర్ ఎం.ఎం. వైరు నాలుగు మీటర్లు వెనక్కి లాగించాను. మధ్యలో 60 ఆంప్ బ్రేకర్ ఉంది.

వేట నిషేధం అయ్యాక బోటు దించితే 1, 2, 3 స్పీడుల్లో బాగానే తిరుగుతోంది. 4, 5లో కాసేపటికే నీరసపడుతోంది. పాటు నీటికి (సముద్రంలోకి లాగే నీటికి) ఎదురెళ్తే బ్రేకర్ ట్రిప్ అవుతోంది. మోటారు వైరుని కలిపే ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడి. ఒడ్డున బ్యాటరీ 12.6 చూపిస్తోంది, అంటే అది బాగున్నట్టేగా? మోటారు విప్పించెయ్యమంటారా?

తెడ్డు:
స్పీడ్ కాయిల్ (కింది స్పీడుల్లో కరెంటు తగ్గించే తీగచుట్ట) కాలిపోయుంటుందన్నా. మార్పించెయ్.

ఆటోనగర్ వైండింగ్:
కాయిల్ కాదు తమ్ముడూ. ఈ ఐదు స్పీడుల రకంలో ఐదో స్పీడుకి కరెంటు కాయిల్‌తో పని లేకుండా నేరుగా మోటారుకి వెళ్తుంది. కాయిల్ కాలితే కింది స్పీడులు పోయి 5 ఒక్కటే మిగులుతుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడి ఉంది.

12.6 అన్నది లోడు లేనప్పటి లెక్క, దాన్ని నమ్మకండి. ముందు బోటుని గట్టి తాడుతో జెట్టీకి కట్టండి. మోటారు నీళ్లలోనే ఉంచి 5లో ఒక నిమిషం తిప్పుతూ మీటరు పెట్టండి. మొదట బ్యాటరీ సీసం పోల్ మీదే కొలవాలి, లగ్ (వైరు చివర బిగించే లోహపు కొస) మీద కాదు. తర్వాత ప్లగ్గుకి మోటారు వైపున. బ్యాటరీ దగ్గరే 11కి దిగిపోతే తప్పు బ్యాటరీది. అక్కడ బాగుండి మోటారు దగ్గర అర వోల్టు కంటే ఎక్కువ తగ్గితే దారిలో పోతోందన్నమాట. ఎక్కడో తెలియాలంటే మీటరు రెండు ముల్లులూ ఒకే జాయింటుకి అటూ ఇటూ పెట్టండి: పోల్ నుంచి లగ్‌కి, బ్రేకర్ ఈ చివర నుంచి ఆ చివరకి, ప్లగ్గుకి రెండు వైపులా. ఒక్కో జాయింటులో 0.05 వోల్టు దాటకూడదు.

క్లాంప్ మీటరుతో ఆంప్స్ కూడా చూడండి. అది డీసీ చదివే క్లాంప్ అయ్యుండాలి. ఇంటి వైరింగుకి వాడే మామూలు ఏసీ క్లాంప్ ఇక్కడ సున్నా చూపిస్తుంది.

వోల్టేజీ తగ్గితే మోటారు తక్కువ కరెంటే లాగుతుంది. అయినా బ్రేకర్ ట్రిప్ అవుతోందంటే ముందు అనుమానించాల్సినవి రెండు. బ్రేకర్ టెర్మినళ్లు చిలుము పట్టి వేడెక్కుతున్నాయి, లేదా ప్రొపెల్లర్‌కి ఏదో అడ్డం పడుతోంది. బ్యాటరీ వైరు తీసేసి ప్రొపెల్లర్ విప్పండి. నట్టు, వాషర్, ప్రొపెల్లర్, లోపల పిన్ను ఈ వరసలో వస్తాయి. బిగుసుకుంటే వెనక నుంచి చెక్కముక్కతో మెల్లగా తట్టండి, సుత్తి వద్దు. పిన్ను వంగిందేమో, వెనక తంగూసు (గాలం నైలాన్ దారం) చుట్టుకుందేమో చూడండి.

గోస్తని గాలం:
థాంక్స్ గురువుగారూ. వెనక తంగూసు దట్టంగా చుట్టుకుని ఉంది. తీయక ముందు 47 ఆంప్స్, తీశాక 42. ఆ 42 దగ్గరే బ్యాటరీ పోల్ మీద 12.0, మోటారు వైపు 10.4. ప్లగ్గులో 0.4, బ్రేకర్‌లో 0.15 పోతోంది. పిన్ను బాగుంది. మిగతా వోల్టేజీ ఎటు పోతోంది?

ఆటోనగర్ వైండింగ్:
వైరులోనే. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి నీ నాలుగు మీటర్లు ఎనిమిదవుతాయి. 6 స్క్వేర్ రాగికి మీటరుకి సుమారు 3.1 మిల్లీ ఓమ్‌లు, మొత్తం 25. దాన్ని 42తో గుణిస్తే 1.05 వోల్టు. ప్లగ్గు, బ్రేకర్ కలిపితే నీ 1.6కి లెక్క సరిపోయింది. బ్యాటరీకి, మోటారుకి ఏ రోగమూ లేదు. ప్లగ్గులో 0.4 చిన్నది కాదు, 17 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌ని డబ్బాలో పెట్టి మూసినట్టే.

25 స్క్వేర్ వేయి. 50 ఆంప్స్ దగ్గర కూడా 0.3 వోల్టే పోతుంది. 16 వేస్తే 0.46, పర్లేదనిపించేదే కానీ చేసేటప్పుడు ఒకేసారి చెయ్యడం మేలు. టిన్ పూత ఉన్న రాగి దొరికితే అదే తీసుకో, ఉప్పుగాలికి వట్టి రాగి లగ్ లోపల నల్లబడిపోతుంది. వెల్డింగ్ కేబుల్ కొంటే ఒక పోగు చాకుతో గీకి చూడు. లోపల తెల్లగా ఉంటే అల్యూమినియం మీద రాగి పూత, వద్దు. లగ్‌లు హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కించు, పైన జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) వేయించు. బిగించేటప్పుడు లగ్ నేరుగా పోల్‌ని తాకాలి, స్టీలు వాషర్లు దాని పైన ఉండాలి. చాలామంది కింద వేసేస్తారు, అక్కడే వేడి మొదలవుతుంది. వాజిలిన్ బిగించాక పూయాలి, ముందు కాదు. ప్లగ్గు, బ్రేకర్ రెండూ మార్చు. కొత్త కేబుల్‌తో మోటారు 50 ఆంప్స్ దాకా లాగుతుంది, కాబట్టి బ్రేకర్ 60దే సరి. దాన్ని బ్యాటరీ దగ్గరే పెట్టు. మధ్యలో పెడితే బ్యాటరీ నుంచి బ్రేకర్ దాకా ఉన్న వైరుకి రక్షణ ఉండదు.

మంగమారిపేట:
ఒకటి మర్చిపోయారు. తంగూసు అంత చుట్టుకుందంటే షాఫ్ట్ సీల్ కోసుకుపోయి ఉండొచ్చు. బ్యాటరీ నుంచి విడదీసి, మోటారు వైరుకీ కింది లోహపు గొట్టానికీ మధ్య ఓమ్‌లు చూడండి. ఓపెన్, అంటే కనెక్షనే లేనట్టు చూపించాలి. ఏదైనా రీడింగ్ వస్తే లోపలికి ఉప్పునీళ్లో కార్బన్ పొడో చేరినట్టు, అప్పుడు మాత్రం విప్పక తప్పదు. సీల్‌తో పాటు కార్బన్లు (మోటారులో అరిగే బ్రష్‌లు) కూడా చూపించండి.

బ్యాటరీకి హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) కూడా పెట్టండి. నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ 61 రోజులూ ఛార్జింగ్ లేకుండా పడి ఉంటే ప్లేట్లకి సల్ఫేట్ పడుతుంది. ఫుల్ ఛార్జ్ తర్వాత సెల్లుకీ సెల్లుకీ సాంద్రతలో 0.030 దాటి తేడా ఉంటే తక్కువున్న సెల్‌ని అనుమానించాలి. ఇంకో మాట, 100 ఏహెచ్ అన్నది 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. 50 ఆంప్స్‌లో రెండు గంటలు వస్తాయని పాటు నీటిలో మొగ వైపు వెళ్లకండి, గంట దాటితే గొప్ప. బోటులో తెడ్లు ఉండాల్సిందే.