చికాగోలో ఫార్మసీ పని ఎలా వెతుక్కోవాలి?

అందరికీ నమస్కారం. మా ఆయన ఉద్యోగం మారడంతో ఈమధ్యే చికాగో వచ్చాం. నాది హెచ్4 (డిపెండెంట్) వీసా, ఇక్కడ పని చేయడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు కూడా వచ్చింది. గుంటూరులో బీఫార్మసీ చదివి, అక్కడే ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను.

ఇక్కడ ఫార్మసిస్ట్ కావాలంటే ముందు, వేరే దేశంలో ఫార్మసీ చదివినవాళ్లకిచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ ఉండాలి. 2003 నుంచి పాసైనవాళ్లకు దానికి ఐదేళ్ల కోర్సు తప్పనిసరి. మనది నాలుగేళ్లదే. ఈ సంగతి తెలిసి చాలా బాధేసింది. అందుకే ప్రస్తుతానికి ఇల్లినాయ్ లైసెన్సు తీసుకుని ఫార్మసీ టెక్నీషియన్‌గా (ఫార్మసిస్ట్‌కు సహాయకురాలిగా) చేరదామనుకుంటున్నాను.

పెద్ద స్టోర్లకు ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే జవాబే రావడం లేదు. టెక్నీషియన్లకు సర్టిఫికెట్ ఇచ్చే పీటీసీబీ పరీక్ష ముందే రాసేస్తే పిలుస్తారా? రెజ్యూమెలో ఇండియా అనుభవం ఎలా రాయాలి? మనవాళ్ల షాపులు ఎక్కువగా ఉండే డెవాన్ అవెన్యూ వైపు చిన్న ఫార్మసీలకు నేరుగా వెళ్లి అడిగితే ఏమైనా అనుకుంటారా? అన్నిటికన్నా ఇలా నేరుగా వెళ్లి అడగడమే నా టెన్షన్. నాకింకా కారు నడపడం రాదు, సీటీఏ (సిటీ రవాణా సంస్థ) బస్సో రైలో అందే చోటు కావాలి. జీతం తక్కువైనా ఫర్వాలేదు, మళ్లీ మందుల మధ్య పని చేయాలని ఉంది.

ఈ దారిలో వెళ్లిన అక్కలు, అన్నలు ఎవరైనా ఉంటే, మీకు మొదటి పని ఎలా దొరికిందో దయచేసి వివరంగా చెప్పండి.