షిఫ్టు మారగానే అనుమానం ఎందుకు జారిపోతోంది?

ప్రశ్న:
ఎమర్జెన్సీకి వచ్చిన పసిబిడ్డ గాయం చూసి ట్రయాజ్ నర్సుకు (వచ్చినవాళ్లను ముందుగా చూసి ఎవరికి తొందరో తేల్చే నర్సు) ఎవరో బిడ్డను హింసించారేమో అని అనుమానం వస్తుంది. డ్యూటీ డాక్టరు, ఎక్స్‌రే, వార్డు దాటేసరికి కేసు షీటులో "మంచం మీంచి పడింది" ఒక్కటే మిగులుతుంది. దీన్ని ఎలా ఆపాలి?

జవాబు 1:
"కుటుంబం తేడాగా ఉంది" అని చెబితే తర్వాతి వాళ్ల చెవికి ఎక్కదు. చూసింది చెప్పాలి: "మూడు నెలల బిడ్డ, ఇంకా బోర్లా పడట్లేదు, ఎడమ చెవి మీద 1 సెం.మీ. కమిలిన మచ్చ, ఎలా తగిలిందో తెలియదంటున్నారు." ఎలాంటి కమిలిన మచ్చలకు హింసను అనుమానించాలో చెప్పే టెన్-ఫోర్ (TEN-4: ఇంగ్లీషులో మొండెం, చెవి, మెడ మొదటి అక్షరాలు, నాలుగు అంకె) నియమాన్ని ట్రయాజ్ గోడకు అంటించండి. నాలుగేళ్లలోపు పిల్లలకు మొండెం, చెవి, మెడ మీద కమిలినా, నాలుగు నెలలు, అంతకన్నా చిన్న బిడ్డకు ఎక్కడ కమిలినా ఆగి చూడాల్సిందే. దవడ మూల, బుగ్గ, కనురెప్ప మీది మచ్చ, కొట్టినదాని అచ్చు పడ్డ దెబ్బ కూడా ఇందులోకే వస్తాయి. మచ్చ రంగు చూసి ఎన్ని రోజులదో మాత్రం రాయకండి, అది నమ్మదగ్గ లెక్క కాదు.

జవాబు 2:
అసలు చిక్కు "సోషల్ వర్కరుకు ఎవరో చెప్పే ఉంటారు" అనుకోవడంలో ఉంది. టీమ్ లీడరు ప్రతి పనికీ మనిషిని పేరు పెట్టి చెప్పాలి, ఆ మనిషి విన్నది తిరిగి చెప్పాలి. ఏం జరిగిందో ఒక్కరే అడగాలి, వాళ్ల మాటల్లోనే, టైముతో రాయాలి. నలుగురు అడిగితే నాలుగు కథలు తయారవుతాయి. మాట మార్చింది తల్లిదండ్రులో, రాసినవాళ్లో ఆ తర్వాత తేల్చలేం.

ఎక్స్‌రే రిక్వెస్టులో "పడింది" అని ఊరుకుంటే ఒళ్లంతా ఒకే ఫిల్మ్ తీసి పంపేస్తారు. అందులో పక్కటెముకల సన్నని విరుగుళ్లు దొరకవు. రెండేళ్లలోపు బిడ్డయితే "హింస అనుమానం, పూర్తి స్కెలిటల్ సర్వే" (ఒంట్లో ఎముకలన్నిటికీ భాగాలవారీగా విడివిడి ఎక్స్‌రేలు) అని స్పష్టంగా రాయండి. సుమారు రెండు వారాలకు మళ్లీ తీయించాలి. కొత్త విరుగుళ్లు కొన్ని మానడం మొదలయ్యాకే కనబడతాయి, ఆ తేదీ డిశ్చార్జి కాగితంలో లేకపోతే ఎవరూ పిలవరు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి సోషల్ వర్కరు లేకపోతే?

జవాబు 3:
ఇంటికి పంపకండి, పరీక్షల పేరుతో అడ్మిట్ చేయండి. అధికారులకు రిపోర్టు చేయడానికి సహేతుకమైన అనుమానం చాలు, రుజువు మన పని కాదు. హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టుకు కేసు అప్పగించడం) మంచం పక్కన, తల్లిదండ్రులు వింటుండగా చేయొద్దు. వాళ్లకు "ఇలాంటి గాయంతో వచ్చిన పిల్లలందరికీ ఇవే పరీక్షలు చేస్తాం" అని నింద లేకుండా చెప్పండి, అది నిజం కూడా కావాలి. ఇంట్లో ఇంకా పిల్లలున్నారా అన్నది అదే రాత్రి అడిగి రాయండి. చాలా షీట్లలో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.