'నేపథ్య సంగీతం'లో నేపథ్యం అంటే వెనకా, వేషమా?

ప్రశ్న (అమలాపురం నుంచి)

అందరికీ నమస్కారమండి. వంశీ గారి 'సితార' (1984) మీద మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తున్నాను. పాటల మీద చాలామంది రాశారు కాబట్టి, మాటలు ఆగినచోట ఇళయరాజా గారి సంగీతం చేసే పని గురించి రాద్దామని. దాన్ని ఏమనాలి? మా నాన్న 'రీరికార్డింగ్' అంటారు. 'నేపథ్య సంగీతం' అంటే ఎక్కడో వెనక మోగేది అన్నట్టుంది, నాకు నచ్చలేదు. 'వాద్యవృంద సంగీతం' అనొచ్చాండీ?

జవాబు (నరసాపురం నుంచి)

మంచి విషయం ఎత్తుకున్నారమ్మా. ముందు మీ నాన్నగారి మాట. రీరికార్డింగ్ అంటే అసలైతే మాటలు, చప్పుళ్ళు, సంగీతం కలిపి ఒకే ట్రాకు మీదకు మళ్ళీ రికార్డు చేయడం. మన సినిమావాళ్ళ నోట అది సంగీతానికే పేరైపోయింది, 'ఆర్‌.ఆర్‌.' అని. ఎడిటింగ్ అయిన రీలును తెర మీద వేసుకుని దానికి తగ్గట్టు వాయించేవారు. అంటే రీరికార్డింగ్ అనేది చేసే పని పేరు.

వాద్యవృందం వాయించేవాళ్ళ పేరు. 1952లో ఆకాశవాణి ఏర్పాటు చేసిన బృందానికి కూడా అదే పేరు. సినిమాలో ఒక్క ఫ్లూటే మోగే చోట వృందం ఎక్కడిది?

ఇక నేపథ్యం. పేపర్లలో 'ఎన్నికల నేపథ్యంలో', 'వర్షాల నేపథ్యంలో' అని రోజూ చదివి, అదేదో వెనక ఉండేది అని మనకు స్థిరపడిపోయింది. ఒకసారి అమరకోశం, అదే పాత సంస్కృత నిఘంటువు, తీయండి. 'ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్' అని ఉంటుంది. వేషం, అలంకారం అని అర్థం. నాట్యశాస్త్రం కూడా ఆహార్యాభినయాన్ని, అంటే వేషధారణతో చేసే అభినయాన్ని, 'నేపథ్యజో విధిః' (నేపథ్యం నుంచి పుట్టే పద్ధతి) అంటుంది. నటుడి బట్టలు, నగలు, ముఖానికి వేసే రంగులు అన్నీ అందులోకే వస్తాయి. తెర వెనక వేషం కట్టుకునే చోటుకూ అదే పేరు. 'నేపథ్య గానం'లో ఉన్నది ఆ చోటు. నేపథ్య సంగీతంలో మాత్రం నాకు వేషమే వినిపిస్తుంది.

మా రేవులో సఖినేటిపల్లి వెళ్ళే పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఒకమ్మాయి నిలబడిందనుకోండి. పంటు ఇంజను చప్పుడు ఒక్కటే ఉంచితే ఆమె మామూలు ప్రయాణికురాలు. ఆ చప్పుడు తగ్గించి, చెల్లో మీద మంద్రంలో ఒకే స్వరం సాగదీస్తే ఎవరినో వదిలి వెళ్తోంది. అదే షాటు మీద ఫ్లూటు తారస్థాయికి ఎగబాకితే ఎవరో వస్తున్నారు. ముఖం అదే, చీర అదే, సన్నివేశానికే వేషం మారింది. ప్రేమకథల్లో దీని అవసరం మరీ ఎక్కువ. అక్కడ మనసులో ఉన్న మాటను పాత్రలు చివరిదాకా నోటితో అనరు, సినిమా సగం ఆ అనని మాట మీదే నడుస్తుంది.

వ్యాఖ్య (భీమవరం నుంచి)

బాగుందండి. కానీ ఇది ఇంగ్లీషు 'బ్యాక్‌గ్రౌండ్'కు అనువాదంగా వచ్చిన మాటే అయ్యుంటుంది కదా? వేషం అనే అర్థం మీరు ఇప్పుడు అతికిస్తున్నట్టుంది.

జవాబు (నరసాపురం నుంచి)

అనువాదంగానే వచ్చి ఉండొచ్చండి. ఏ దారిన వచ్చినా పాత అర్థం కూడా దాని వెంటే వస్తుంది. మనవైపు పద్యనాటకాలు గుర్తు చేసుకోండి. హార్మోనియం ఆయన వేదిక పక్కనే, అందరికీ కనబడేలా కూర్చుంటాడు. పద్యం ఎత్తుకునే ముందు రాగం అందిస్తాడు, జనం వన్స్‌మోర్ కొడితే నటుడితోపాటు ఆయనా మళ్ళీ అందుకోవాలి. వెనక అన్న ఒక్క అర్థమే పట్టుకుంటే ఆయన వాయించేదాన్ని నేపథ్యం అనలేం. వేషం అనుకుంటే నిస్సందేహంగా అనొచ్చు. ఆ రాగం పడకముందు హరిశ్చంద్రుడు కిరీటం పెట్టుకున్న మనిషి, పడ్డాక హరిశ్చంద్రుడు.

అమలాపురం అమ్మాయికి ఇంకొక్క మాట. 'వెన్నెల్లో గోదారి అందం' పాడిన జానకి గారికి జాతీయ అవార్డు వచ్చింది, సితార అనగానే అందరూ అదే చెబుతారు. మీరు పాట అయిపోయాక ఏం మోగిందో వినిపించబోతున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. స్టూడియో పని చెప్పేచోట రీరికార్డింగ్ అనే రాయండి, తప్పేం లేదు. ఆ సంగీతం వల్ల సన్నివేశం ఏమైందో చెప్పేచోట మాత్రం నేపథ్య సంగీతాన్ని వదలకండి. అచ్చయ్యాక ఇక్కడ పెడితే చదువుతాం.