మా ఆయన వాళ్ల ఇంటిపేరు 1812 దగ్గర ఆగిపోయింది, వెనక్కి ఎలా వెళ్లాలి?

మాంట్రియల్ కోడలు:
అందరికీ నమస్కారం. మాది తెనాలి. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లుగా మాంట్రియల్‌లో ఉంటున్నాను. మా ఆయన ఫ్రెంచ్ కెనడియన్, ఇంటిపేరు బోల్యూ. మా బాబుకి మా వైపు ఏడు తరాల పేర్లు నాన్న రాసిచ్చారు. వాళ్ల వైపువీ రాసి పెడదామని చర్చి రిజిస్టర్లు పట్టుకున్నాను. పెళ్లి వెనక పెళ్లి చూసుకుంటూ 1812 దాకా వెళ్లాను. ఆ పెళ్లికొడుకు రివియేర్-వెల్ ఊళ్లో పుట్టాడని తెలుసు. కానీ ఆ ఊరి జాబితాలో బోల్యూల ఇంట ఆ పేరుతో పిల్లాడే లేడు. రెండు వారాలుగా ఇదే టెన్షన్.

మా ఆయన వాళ్ల తాతగారికి 88 ఏళ్లు. "మనది మొదట వేరే పేరని మా నాన్న అనేవాడు" అంటారు, ఆ పేరు మాత్రం గుర్తు లేదు. ఆయన ఉండగానే కనుక్కుని చెప్పాలని ఉంది.

గాటినో ప్రసాద్:
తాతగారి మాట నమ్మండమ్మా. ఇక్కడి పాత కుటుంబాల్లో చాలామందికి 'ది' పేరు ఉండేది. 'ది' అంటే 'అనే' అని. ఫలానా ఇంటివాడు, ఫలానా అనే అతను. ఫ్రెంచి సైన్యంలో మారుపేర్లు మామూలే. 1665లో కారిన్యాన్-సాలియేర్ రెజిమెంటులో సుమారు 1,200 మంది వచ్చారు, వాళ్లలో 400 మంది దాకా ఇక్కడే స్థిరపడ్డారు. లాఫ్లర్ అంటే పువ్వు, సాన్‌సూసీ అంటే చింత లేనివాడు. అలాంటి పేర్లన్నీ చాలావరకు ఆ బాపతే. భూమిని బట్టి, ఊరిని బట్టి వచ్చినవీ ఉన్నాయి. పోనుపోను ఒక అన్న అసలు పేరు ఉంచుకుంటే, తమ్ముడు 'ది' పేరుతో మిగిలిపోయేవాడు. త్రొతియే అనే ఇంటిపేరు వాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పేరు.

బోల్యూలు అందరూ ఒక్క కుటుంబం కాదు. కానీ రివియేర్-వెల్ అన్నారు కాబట్టి ముందు హ్యుదోన్ అని వెతకండి. ఫ్రాన్స్‌లోని అన్జూ ప్రాంతం నుంచి వచ్చిన పియేర్ హ్యుదోన్ ది బోల్యూ, మరీ గొబేయ్‌ని 1676లో క్యూబెక్‌లో పెళ్లాడి రివియేర్-వెల్‌లోనే స్థిరపడ్డాడు.

లాంగేయ్ లక్ష్మి:
ప్రసాద్ గారు చెప్పింది నిజమే. నేనైతే అసలు మగవాళ్ల పేరు వదిలేయమంటాను. 1812 పెళ్లి రికార్డులో పెళ్లికొడుకు తల్లి పేరు ఉంటుంది కదా? ఆవిడని పట్టుకోండి. ఇక్కడి రిజిస్టర్లలో ఆడవాళ్లని పెళ్లయినా, చనిపోయినా పుట్టింటి పేరుతోనే రాశారు. మన వంశవృక్షాల్లో 'భార్య లక్ష్మమ్మ' అని ఊరుకుంటాం, ఆవిడది ఏ ఇల్లో పోతుంది. ఇక్కడ మొగుడి పేరు ఎన్నిసార్లు మారినా ఆవిడది మారదు.

ఇంకో రెండు మాటలు. మగపిల్లలకి ముందు జోసెఫ్, ఆడపిల్లలకి మరీ అని తగిలించడం మామూలు. పిలిచే పేరు చాలాసార్లు చివర ఉంటుంది. తేదీలో 7 వేసి పక్కన చిన్నగా 'బ్ర' అని ఉంటే జూలై అనుకోకండి, అది సెప్టెంబర్. సెప్త్ అంటే ఏడు. అలాగే 8 అయితే అక్టోబర్.

మాంట్రియల్ కోడలు:
లక్ష్మి గారూ, దొరికాడు! తల్లి పేరుతో వెతికితే ఒక్క రాత్రిలో ఆవిడ తొమ్మిది మంది పిల్లలూ వచ్చేశారు. మనవాడు ఐదోవాడు. పేజీ అంచున ఫాదర్ 'హ్యుదోన్' అని మాత్రమే రాశారు, జాబితా చేసినవాళ్లు అదే ఎక్కించారు. లోపల నాలుగో లైన్లో, సిరా పాకిపోయిన చోట, 'ది బోల్యూ' అని ఉంది. తేదీ 7 పక్కన 'బ్ర'. మీరు చెప్పకపోతే జూలై అని రాసుకునేదాన్ని. పేరు జోసెఫ్‌తో మొదలైంది, నేను వెతికిన పేరు మూడోది. కింద సంతకాల చోట, తండ్రికీ గాడ్‌ఫాదర్‌కీ సంతకం రాదని ఫాదర్ రాశారు.

తాతగారికి ఫోన్లో చదివి వినిపించాను. హ్యుదోన్ అనగానే "అదే, అదే" అన్నారు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ తల్లి పేరు మళ్లీ నెమ్మదిగా చెప్పమన్నారు, రాసుకుంటారట.